సోల్డరింగ్ ఐరన్ కొనే ముందు మీ ఇంటి వోల్టేజీ చూసుకోండి

"అన్నా, 25 వాట్లది చాలునా, 60 వాట్లది తీసుకోవల్లనా?"

ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే అనంతపురంలో మా ఇంటికొచ్చి, లెడ్డు (అతుకు లోహం) కరిగించి వైర్లు, బోర్డులు అతికే సోల్డరింగ్ ఐరన్ గురించి మొదట అడిగే మాట ఇదే. నేను వాట్ల సంగతి ఎత్తను. "మీ ఇంట్లో ఫ్రిజ్ స్టెబిలైజర్ ఉంది గదా, సాయంత్రం ఏడింటికి దాని మీద ఎంత అంకె పడుతోందో చూసి రాపో" అంటాను. వాళ్లు వింతగా చూస్తారు. కానీ మన వైపు ఏ ఐరన్ కొనాలన్నది సగం ఆ అంకెలోనే తేలిపోతుంది.

బోర్లు ఆడే వేళల్లో, ఎండాకాలం మధ్యాహ్నాల్లో, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్లలో 230 వోల్టులు 230గా ఉండవు. మా అత్తగారి ఊళ్లో ఒక మే నెల సాయంత్రం కొలిస్తే 188 వచ్చింది. మామూలు ఐరన్ లోపల ఉండేది ఒక హీటర్ తీగె మాత్రమే. దానికి ఎంత వేడెక్కిందో తెలీదు, వచ్చిన కరెంటును వేడిగా మార్చడం ఒక్కటే తెలుసు. పైగా వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి పడతాయి. వోల్టేజీ పదో వంతు తగ్గితే వాట్లు దాదాపు అయిదో వంతు తగ్గుతాయి. 25 వాట్ల ఐరన్ 190 వోల్టుల దగ్గర ఇచ్చేది 17 వాట్లే. 180కి పడితే 15. అదే ఐరన్‌కు అర్ధరాత్రి ఊరంతా పడుకున్నాక 250 వచ్చిందంటే దాదాపు 30 వాట్లతో కాలుతుంది. పగలు లెడ్డు కరగదు, రాత్రి బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. పిల్లలేమో తమ చెయ్యి సరిగా తిరగలేదని బాధపడతారు.

అతుకు బాగా పడాలంటే కావాల్సింది బిట్ (ఐరన్ ముందుండే మొన) కొస దగ్గర పోయిన వేడి వెంటనే తిరిగి రావడం. దోసె పెనం సంగతే చూడండి. పలచటి పెనం కూడా పొగలు కక్కేదాకా కాగుతుంది, కానీ గరిటెడు పిండి పోయగానే చల్లబడి దోసె అంటుకుంటుంది. మందపాటి పెనం పిండి పోసినా కాక నిలుపుకుంటుంది. ఐరన్ బిట్‌ను బోర్డుకు ఆనించడం పిండి పోయడం లాంటిదే. రాగి ఆ వేడినంతా లాక్కుంటుంది. గ్రౌండ్ కోసం వెడల్పాటి రాగి పరిచిన చోటయితే ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. లాగిన వేడిని ఏ ఐరన్ ఎంత త్వరగా పూడుస్తుందో చూసుకుంటే చాలు, ఎంపిక సులువవుతుంది.

ఇప్పుడు మూడు రకాలు చూద్దాం.

మొదటిది నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించే మామూలు ఐరన్. సోల్డ్రాన్ 25 వాట్లది మన దేశంలో రేడియో, టీవీ మెకానిక్కుల చేతుల్లో ఏళ్లుగా నలిగిన సరుకు. కొన్ని వందల్లో వస్తుంది. బిట్ పోతే బిట్, హీటర్ పోతే హీటర్ విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. వైర్లు అతకడానికి, ఎల్ఈడీ కిట్లకు, చుక్కల బోర్డు మీద చిన్న సర్క్యూట్లకు ఇది చాలు. టౌను నడుమ, వోల్టేజీ నిలకడగా ఉండే ఇంట్లో ఉంటూ ఏడాదికి రెండు మూడు ప్రాజెక్టులు చేసేవాళ్లు ఇదే కొనుక్కోండి, మిగిలిన డబ్బు మంచి లెడ్డు మీద పెట్టండి. పేరూ ఊరూ లేనివి, పిడి మీద తిప్పే చక్రం పెట్టి 60 వాట్లని అమ్మేవి మాత్రం నేను ఎవరికీ చెప్పను. వాటిలో కొన్నిటికి సెన్సరే ఉండదు, ఆ చక్రం ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది. అంకెలు డిగ్రీల్లో రాసి ఉన్నా లోపల డిగ్రీలు కొలిచేది ఏదీ లేదు.

రెండోది స్టేషన్, అంటే కరెంటు పెట్టెకు తగిలించిన ఐరన్ పిడి. జపాన్ కంపెనీ హక్కో వాళ్ల 936 అనే మోడల్ ఎంత పేరు తెచ్చుకుందంటే, కంపెనీ దాన్ని ఆపేసినా, దాన్ని చూసి వేరేవాళ్లు చేసే నమూనాలు మాత్రం ఆగలేదు. పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, పిడికి 24 వోల్టులు పోతాయి, హీటర్ దగ్గరే సెన్సర్ ఉంటుంది. బిట్ చల్లబడితే కరెంటు పెంచుతుంది, వేడెక్కితే ఆపుతుంది. గోడ దగ్గర 190 వోల్టులే ఉంటే దీనికీ శక్తి తగ్గుతుంది, కానీ 60 వాట్లలో 40 మిగులుతాయి. చేతిలో అంత నిల్వ ఉంటే చిన్న బోర్డు పనికి లోటుండదు. దీనికి పట్టే 900ఎం బిట్లు చవక, ఎక్కడైనా దొరుకుతాయి. లోపం ఒక్కటే: బిట్ అనేది హీటర్ మీద తొడిగిన తొడుగు. రెండింటి మధ్య సన్నని సందు ఉంటుంది, వేడి ఆ సందు దాటి కొసకు రావాలి. అందుకే లావు రాగి దగ్గర కాస్త ఆలస్యం చేస్తుంది.

మూడో రకంలో హీటరూ సెన్సరూ బిట్ లోపలే ఉంటాయి. టీ12 బిట్లతో నడిచే స్టేషన్లు, పెన్నులా చేతిలో ఇమిడే టీఎస్100, పైన్సిల్ ఈ కోవలోవే. వేడి పుట్టే చోటు కొసకు ఆనుకునే ఉంటుంది కాబట్టి లాగిన వేడి క్షణాల్లో తిరిగొస్తుంది. మన జిల్లాకు ఇవే సరిపోతాయని నేను గట్టిగా చెప్పడానికి కారణం వేరే ఉంది. ఇవి అడాప్టర్ మీద నడుస్తాయి. మీ ఇంట్లో మూలన పడేసిన పాత లాప్‌టాప్ ఛార్జర్ తిప్పి చూడండి, దాని మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. గోడ దగ్గర 230 ఉన్నా 180 ఉన్నా అది ఇచ్చే 19 వోల్టులు 19గానే ఉంటాయి. వోల్టేజీ పడిందన్న సంగతి ఐరన్ దాకా పోనే పోదు. మా అత్తగారి ఊళ్లో 188 వోల్టుల సాయంత్రం మామూలు ఐరన్ చేతులెత్తేస్తే, లాప్‌టాప్ ఛార్జర్ మీద టీఎస్100 ఏ తేడా లేకుండా పనిచేసింది. నేను కళ్లారా చూసింది ఇది.

అయితే ఇక్కడా వోల్టేజీ లెక్క తప్పదు. టీఎస్100 24 వోల్టుల మీద 65 వాట్లు, 19 మీద 40 వాట్లు, 12 మీద 17 వాట్లు ఇస్తుంది. పొలం దగ్గర ట్రాక్టర్ బ్యాటరీకి తగిలిస్తే పని జరుగుతుంది గానీ 25 వాట్ల ఐరన్ కంటే తక్కువే అనుకోండి. పైన్సిల్‌ను టైప్-సీ ఛార్జర్ మీద బాగా కాగేలా నడపాలంటే ఆ ఛార్జర్ పీడీ (పవర్ డెలివరీ) పద్ధతిలో 20 వోల్టులు ఇచ్చేదై ఉండాలి. మామూలు ఫోన్ ఛార్జర్ పెట్టి "ఐరన్ కాగడం లేదన్నా" అని ఫోన్ చేసినవాళ్లు నాకు ఇద్దరున్నారు. ఇంకో ఖర్చు కూడా చెప్పాలి. హీటర్ బిట్‌లోనే ఉంది గనక, బిట్ పోతే మొత్తం మార్చాలి. 900ఎం బిట్ ధరకు అది రాదు.

నా మాట అడిగితే, పల్లెలో గానీ టౌను శివార్లలో గానీ ఉంటూ నెలకు ఒకటి రెండుసార్లు పట్టేవాళ్లు మూడో రకం తీసుకోండి. టౌనులో టేబుల్ వేసుకుని రోజూ పనిచేసేవాళ్లకు 936 నమూనా స్టేషన్ చాలు. మొదటి కిట్ చేసి ఇది మనసుకు పడుతుందో లేదో చూద్దామనుకునే తొమ్మిదో తరగతి పిల్లవాడికి మామూలు 25 వాట్లదే కొనివ్వండి.

ఐరన్ గురించి ఇంత చెప్పాను గానీ, పని చెడేది ఎక్కువగా లెడ్డు దగ్గర. అంగళ్లలో దీన్ని లెడ్డు అనే పిలుస్తారు, నిజానికి అందులో ఎక్కువ పాలు తగరం. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసినది సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, అక్కడే ఒక్కసారిగా గడ్డ కడుతుంది. 60/40 అయితే 183 నుంచి 190 మధ్య కాసేపు ముద్దగా ఉంటుంది. ఆ కాసేపట్లో చెయ్యి కదిలితే అతుకు లోపల చీలుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, రెండు నెలలకు వదులవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువైనా 63/37 కొనడం మేలు.

తగరం ఖరీదు, సీసం చవక. చవక లెడ్డు వైరు చుట్టల్లో మోసం జరిగేది అక్కడే. మీద 60/40 అని ముద్ర ఉంటుంది, లోపల సీసం ఎక్కువ కలుపుతారు. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. పాత బోర్డు ముక్క మీద వైరు కరిగించి కందిగింజంత చుక్క వేయండి. ఐరన్ తీసేసి కన్నార్పకుండా చూడండి. మంచి సరుకయితే అద్దంలా మెరుస్తూ ఉన్న చుక్క ఒక్క క్షణంలో బిగుసుకుంటుంది, ఆ మెరుపు చాలామటుకు నిలుస్తుంది. సీసం ఎక్కువైతే చుక్క అంచుల నుంచి బూడిద రంగు తిరుగుతుంది, పుల్లతో కదిపితే తడి ఇసుకలా మెదులుతుంది, గడ్డ కట్టాక మీద గరుకు తేలుతుంది. 40 పాళ్లే తగరం ఉన్నది పూర్తిగా కరగాలంటే 238 డిగ్రీల దాకా పోవాలి. ముందు పది గ్రాములు కోసివ్వమని అడిగి పరీక్షించి, తర్వాత చుట్ట కొనండి. చాలామంది అంగడివాళ్లు కాదనరు.

వైరు లావు కూడా చూసుకోవాలి. మనకు గేజీల్లో అమ్ముతారు. 18 గేజీ అంటే 1.2 మిల్లీమీటర్లు, మోటరు వైర్లకు, లావు కాళ్లున్న పార్టులకు సరే. బోర్డు పనికి 22 గేజీ, అంటే 0.7 మిల్లీమీటర్లది తీసుకోండి. లావు వైరుతో చిన్న అతుకు వేస్తే ఎంత జాగ్రత్తపడినా లెడ్డు పొంగి పక్క గీతకు తగులుతుంది.

సీసం లేని వైరు కూడా దొరుకుతుంది. యూరప్‌లో 2006 జులై నుంచి కొత్త ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసాన్ని కట్టడి చేశారు, ఫ్యాక్టరీ బోర్డులు చాలావరకు దానికే మారాయి. వెండి, రాగి కొద్దిగా కలిసిన రకం కరగడానికి 217 డిగ్రీలు దాటాలి, అతుకు కూడా మెరవదు. మామూలు 25 వాట్ల ఐరన్‌తో, పడిపోయే వోల్టేజీలో దాని జోలికి పోతే విసుగొస్తుంది. సీసం వాడేవాళ్లు భయపడాల్సింది పొగకు కాదు, ఐరన్ వేడికి సీసం ఆవిరి కాదు. భయపడాల్సింది చేతులకు. వేళ్లకంటిన సీసం ముద్దతో కడుపులోకి పోతుంది. అన్నం తినే బల్ల మీద ఈ పని చేయకండి, లేచాక సబ్బుతో కడగండి, పాకే పిల్లలున్న ఇంట్లో రాలిన గుండ్లను తడిగుడ్డతో తీసెయ్యండి. పొగ అసలు రోజిన్‌ది (వైరు లోపలుండే బంక), అది ఊపిరితిత్తులకు పడదు. చిన్న ఫ్యాన్‌ను మీ వైపు ఊదేలా కాక, పొగను అవతలికి లాగేలా పెట్టుకోండి.

ఇక పేస్టు. ఇది చెప్పకుండా ఉండలేను.

మా బావమరిదికి రెండెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. డ్రిప్పు వాల్వులు వేళకు తెరిచి మూసే చిన్న బోర్డు నేనే చేసిచ్చాను. అప్పుడు నా దగ్గర ఫ్లక్స్ (లెడ్డు బాగా అంటేలా రాసేది) లేదు. కరెంటు సామాన్ల అంగట్లో అడిగితే చిన్న డబ్బీలో పసుపుపచ్చ పేస్టు ఇచ్చారు. లెడ్డు భలే అంటింది. తుప్పు పట్టిన కాళ్లకు కూడా పట్టింది. మూడు నెలలు బాగా నడిచింది. వానలు పడ్డాక ఒక పొద్దున ఫోను: "బావా, వాల్వు రాత్రంతా మూసుకోలేదు, నీళ్లన్నీ ఒక్క సాలుకే పోయినాయి." బోరులో నీళ్లు ఎంత లెక్కగా వాడుకుంటారో తెలిసినవాళ్లకు ఆ మాట ఎంత బరువో అర్థమవుతుంది. పెట్టె విప్పి చూస్తే రిలే (వాల్వును నడిపే స్విచ్చు) కాళ్ల చుట్టూ పచ్చటి చిలుము. అతుకు నుంచి అతుకుకు బూజులా పాకింది. గోరుతో గీరితే కింద రాగి గీత వెంట్రుకంత సన్నబడి ఉంది, ఒకచోట తెగిపోయింది.

ఆ రకం పేస్టుల్లో జింక్ క్లోరైడ్ లాంటి లవణాలు ఉంటాయి. రేకు పనికి, రాగి గొట్టాల పనికి అవి సరైనవే, ఎందుకంటే పనయ్యాక కడిగేస్తారు. బోర్డు మీద కడగలేని సందుల్లో మిగిలితే గాలిలో తేమను లాక్కుంటాయి, కరెంటును పక్కకు నడిపిస్తాయి, రాగిని తింటాయి. ఎండాకాలంలో బయటపడదు, తొలి వానకు బయటపడుతుంది.

బోర్డుకు కావాల్సింది రోజిన్ ఫ్లక్స్. పైన్ చెట్టు బంక నుంచి వచ్చేది. మంచి వైరు నడుమనే సన్నని పోగులా అది ఉంటుంది, కొత్త కాళ్లకు అదే చాలు. పాత బోర్డు పనికి, సన్నటి కాళ్ల చిప్పులకు మాత్రం విడిగా కావాలి. రోజిన్ గడ్డ దొరికితే దంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి మూత బిగుతుగా ఉన్న సీసాలో పోసుకోండి, పాత బ్రష్షుతో రాసుకోవచ్చు. ఆ ఆల్కహాల్ మంటకు అంటుకుంటుంది, కాగుతున్న ఐరన్ పక్కన సీసా మూత తీసి పెట్టకండి. ఏది కొన్నా డబ్బీ మీద ఆసిడ్ అన్న మాట ఉంటే పక్కన పెట్టేయండి.

బిట్ ఆకారం ఎంచుకోవడంలోనూ అందరూ ఒకే పొరపాటు చేస్తారు. చిన్న పనికి సూదిమొన బిట్ కావాలనుకుంటారు. సూదిమొన బోర్డును తాకేది ఒక్క చుక్క దగ్గర, వేడి అందులోంచి దిగదు. ఉలి ఆకారం, 2.4 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకోండి. ఆ చప్పటి ముఖం రాగినీ కాలునూ ఒకేసారి తాకుతుంది. అక్కడ ఆనించి ఒకటి, రెండు అని లెక్కపెట్టి, లెడ్డును బిట్‌కు కాకుండా కాలికి అవతలి పక్క నుంచి అందించండి. కాలి చుట్టూ సర్రున పాకి, నడుమ నిక్కి అంచులకు వాలుగా దిగిందంటే అతుకు పడినట్లే. గోళీకాయలా పైన కూర్చుంటే కింద అంటలేదు.

పాత మెకానిక్కులు బిట్‌ను ఆకురాయితో సానపెట్టడం చూసి ఉంటారు. వాళ్లవి ఉత్త రాగి బిట్లు. తగరం రాగిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది, గుంట పడుతుంది, సానపెట్టక తప్పదు. ఇప్పటి బిట్లకు మీద ఇనుప పూత ఉంటుంది. ఒక్కసారి ఆకురాయి తగిలిందంటే పూత పోతుంది, ఆ బిట్ మళ్లీ మనది కాదు. తుడవడానికి ఇత్తడి పీచు కొనుక్కోండి. తడి స్పాంజి వాడేవాళ్లు బోరు నీళ్లు పోయకండి, మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, బిట్ మీద పొర కడుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక డబ్బా ఏడాది వస్తుంది. పని ముగించేటప్పుడు బిట్ మీద లెడ్డు కాస్త దట్టంగా పట్టించి ఆపేయండి.

ఊడదీయడానికి సక్కర్ (కరిగిన లెడ్డును పీల్చే గొట్టం) ఒకటి ఉంటే చాలు. చిప్పుల పని మొదలుపెట్టాక రాగి విక్ (లెడ్డును పీల్చుకునే అల్లిన రాగి పట్టీ) కొనుక్కోవచ్చు. రెండింటికీ ముందు పాత అతుకు మీద కొద్దిగా కొత్త లెడ్డు వేయండి, తేలిగ్గా వస్తుంది. వేడిగాలి యంత్రాలు ఇప్పుడే వద్దు.

రెండు పిన్నుల ఐరన్ మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. బిట్‌కు టెస్టర్ పెడితే వెలిగే ఐరన్లు ఉన్నాయి. ఆ లీకేజీ చిన్న ట్రాన్సిస్టర్ల ప్రాణం తీస్తుంది, మనకూ మంచిది కాదు. మూడు పిన్నులున్నా గోడలో మూడో రంధ్రానికి తీగె ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మన నేల ఎండితే ఎర్తు పట్టదు, అందుకే వేసవిలో పెద్దవాళ్లు ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోసేవారు. లాప్‌టాప్ ఛార్జర్ మీద నడిపేవాళ్లు కూడా మూడు పిన్నుల ఛార్జరే వాడండి.

ఎక్కడ కొనాలంటే, మామూలు ఐరన్, 60/40 వైరు, సక్కర్ మన టౌన్లలోనే దొరుకుతాయి. మంచి 63/37, రోజిన్ ఫ్లక్స్, టీ12 బిట్ల కోసం మా అనంతపురం వాళ్లం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతాం. కర్నూలు వాళ్లకు హైదరాబాదు కోఠి, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గర. ఆన్‌లైన్లో తెప్పించుకున్నా ఇబ్బంది లేదు, కానీ లెడ్డు మాత్రం చుక్క వేసి చూసి కొనడం నాకిష్టం. పోయినప్పుడు మీ పిడికి పట్టే ఉలి బిట్లు రెండు ఎక్కువే తెచ్చుకోండి. ఐరన్ పాడయితే పక్కింటివాళ్లది అడిగి తెచ్చుకోవచ్చు, బిట్ పోతే మాత్రం మళ్లీ బస్సెక్కాల్సిందే.